18కి 18: ఎవర్ట్, నవ్రతిలోవాలలో ఎవరిని ముందు నిలపాలి?

గ్యాలరీ వాసి (ప్రశ్న):

టెన్నిస్ క్రీడాకారిణులు క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవాలలో ఎవరు గొప్ప అన్న వాదన మా ఇంట్లో వారం రోజులుగా తెగడం లేదు. సింగిల్స్‌లో ఇద్దరూ సరిగ్గా 18 గ్రాండ్‌స్లామ్ (నాలుగు అతిపెద్ద టోర్నీల) టైటిళ్ల దగ్గరే ఆగారు కాబట్టి ఆ లెక్క ఎవరికీ అక్కరకు రాదు. ఇక ముఖాముఖి చూస్తే, 1973 నుంచి 1988 వరకు జరిగిన 80 మ్యాచ్‌లలో నవ్రతిలోవా 43, ఎవర్ట్ 37 గెలిచారు. ఆ 43 చూపించి మా అన్నయ్య చర్చ ముగిసిందంటున్నాడు. ఇన్నేళ్లు సాగిన పోటీని ఒక్క అంకెతో తేల్చేయడం నాకు సబబుగా తోచడం లేదు. ఆ కాలపు టెన్నిస్ బాగా తెలిసినవారు దేనికి ఎక్కువ విలువ ఇస్తారో చెప్పగలరా?

ఎర్రమట్టి:

నా ఓటు ఎవర్ట్‌కే, అందుకు కారణం ఆమె నిలకడ. 1974 నుంచి 1986 వరకు వరుసగా 13 ఏళ్లు, ఏటా కనీసం ఒక గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ ఆమె ఖాతాలో ఉంది. ఆడిన 56 గ్రాండ్‌స్లామ్ టోర్నీలలో 52 సార్లు సెమీఫైనల్ దాకా వెళ్లింది. మట్టి కోర్టు మీద 1973 ఆగస్టు నుంచి 1979 మే వరకు వరుసగా 125 మ్యాచ్‌లు గెలిచింది.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ 125 విజయాలు సాగుతున్న కాలంలోనే, 1976 నుంచి 1978 వరకు, అమెరికాలోని జట్ల లీగ్ అయిన వరల్డ్ టీమ్ టెన్నిస్ ఆడటం కోసం ఆమె, మట్టి మీదే జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌కు వెళ్లలేదు. వెళ్లి ఉంటే మూడూ గెలిచేదని నేను అనను కానీ, మట్టి మీద ఆమెను ఓడించేవారే లేని మూడేళ్లు అలా గడిచిపోయాయన్నది మాత్రం నిజం. ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఆరుసార్లే ఆడింది, ఆరుసార్లూ ఫైనల్ చేరింది. గ్రాండ్‌స్లామ్ టైటిళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకునే అలవాటు అప్పటి క్రీడాకారులకు ఇంతగా లేదు. ఈనాటి కొలబద్దతో ఆనాటి కెరీర్‌ను కొలిస్తే కొంత అన్యాయం తప్పదు.

నెట్ దగ్గర:

ఎర్రమట్టి గారూ, మీ వాదనలో సగమే చెప్పారు. 1976 నుంచి 1980 వరకు నవ్రతిలోవా కూడా ఫ్రెంచ్ ఓపెన్ ఆడలేదు. కాబట్టి ఆడని టోర్నీలను లెక్కలోకి తెస్తే ఇద్దరికీ తేవాలి.

అసలు నవ్రతిలోవా గొప్పతనం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడండి. 1975 యు.ఎస్. ఓపెన్ సెమీఫైనల్‌లో ఎవర్ట్ చేతిలో ఓడిన వెంటనే, 18 ఏళ్ల వయసులో, చెకొస్లొవేకియాకు తిరిగి వెళ్లకుండా అమెరికాలో ఆశ్రయం కోరింది. 1981లో అమీలియా ఐలండ్ ఫైనల్‌లో అదే ఎవర్ట్ ఆమెను 6-0, 6-0తో ఓడించింది. అప్పటికే రెండు వింబుల్డన్లు గెలిచిన ఆటగత్తెకు ఒక్క గేమ్ కూడా దక్కలేదన్నమాట! బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి నాన్సీ లీబర్‌మన్ సాయంతో ఆ ఏడాదే ఆమె కఠినమైన వ్యాయామం ప్రారంభించింది. తర్వాతి మూడేళ్ల లెక్క చూడండి: 1982లో మూడు, 1983లో ఒకటి, 1984లో రెండు, మూడేళ్లలో మొత్తం ఆరు ఓటములు. 1983 వింబుల్డన్ నుంచి 1984 యు.ఎస్. ఓపెన్ వరకు వరుసగా ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆమెవే. అంతటి ఆధిపత్యం ఎవర్ట్ కెరీర్‌లో ఏ దశలోనూ నాకు కనిపించదు.

బంతి గీత మీద పడింది:

43, 37 అన్న అంకెలను ముందు విడదీసి చూడాలి. మొదటి 25 మ్యాచ్‌లలో 21 ఎవర్ట్ గెలిచింది. మిగిలిన 55లో 39 నవ్రతిలోవావి. వయసులో తేడా రెండేళ్లు కూడా లేకపోయినా, తొలి మ్యాచ్ నాటికి నవ్రతిలోవాకు 16 ఏళ్లే కాబట్టి ఆ 21 విజయాలను చూసి మరీ మురిసిపోనక్కరలేదు. మట్టి మీద 11-3తో ఎవర్ట్‌ది, పచ్చిక మీద 10-5తో నవ్రతిలోవాది పైచేయి. అంటే ఎక్కడ ఆడారన్నది ఎవరు గెలిచారన్నదాన్ని చాలావరకు నిర్ణయించింది. గ్యాలరీ వాసి గారి అన్నయ్యకు పనికొచ్చే అంకె ఇంకొకటి ఉంది: ఇద్దరూ తలపడిన 14 గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లలో నవ్రతిలోవా పది గెలిచింది.

అయినా నేను ఎవర్ట్‌నే ఒక వెంట్రుకవాసి ముందు నిలుపుతాను. 1984లో పారిస్‌లో జరిగిన ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌లో, తన సొంత నేల లాంటి మట్టి మీదే, ఆమె 6-3, 6-1తో చిత్తయింది. అప్పటికి నవ్రతిలోవా చేతిలో వరుసగా ఓడుతూ వస్తోంది. 1985 జనవరిలో గెలిచేనాటికి ఆ ఓటములు 13కు చేరాయి. బేస్‌లైన్ (కోర్టు వెనుక గీత) దగ్గర ఓపికగా ఆడే ఆమె కాలం చెల్లిపోయిందని అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. మరుసటి ఏడాది అదే పారిస్ ఫైనల్‌లో, 30 ఏళ్ల వయసులో, 6-3, 6-7, 7-5తో నవ్రతిలోవాను ఓడించి మళ్లీ నంబర్ వన్ అయింది. 1986లో అదే ఫైనల్‌లో మొదటి సెట్ 2-6తో పోగొట్టుకుని కూడా నవ్రతిలోవాపై నెగ్గింది. మంచి రోజుల్లో గెలవడం వేరు, తనను మించిపోయిన మనిషిని తిరిగి అందుకోవడం వేరు.

నెట్ దగ్గర:

అందుకోవడమే కొలమానమైతే 6-0, 6-0 తర్వాత నవ్రతిలోవా చేసిందీ అదే కదా! పైగా డబుల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 31 మహిళల డబుల్స్, 10 మిక్స్‌డ్ కలిపితే ఆమె గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు 59. వాటిలో రెండు 2003లో మన లియాండర్ పేస్‌తో కలిసి గెలిచినవి, అప్పటికి ఆమె వయసు 46.

గ్యాలరీ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. 14 ఫైనళ్ల లెక్క చదివి వినిపించగానే మా అన్నయ్య ముఖం వెలిగింది. 1985 ఫైనల్ అతను చూడనే లేదట. ఆదివారం ఇద్దరం కలిసి చూడబోతున్నాం. డబుల్స్ మాట మాత్రం అతని చెవిన వేయదలచుకోలేదు.