పద్నాలుగేళ్లు నిండితే విడుదల ఖాయమేనా? పెరోల్ రోజులు లెక్కలోకి వస్తాయా?

ప్రశ్న

నమస్కారం. హత్య కేసులో మా మేనమామగారికి 2013 ఫిబ్రవరి 10న సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించగా, హైకోర్టు దానిని ఖరారు చేసింది. తీర్పుకు ముందు ఆయన ఐదు నెలలు రిమాండులో ఉండి బెయిలుపై వచ్చారు. శిక్ష పడ్డాక తల్లి మరణించినప్పుడు ఒకసారి, కూతురి పెళ్లికి ఒకసారి, మొత్తం 75 రోజులు పెరోల్‌పై ఇంటికి వచ్చి, రెండుసార్లూ గడువులోపలే తిరిగి వెళ్లారు. సత్ప్రవర్తనకు ఇచ్చిన రోజులు కలిపితే పద్నాలుగేళ్లు ఎప్పుడో నిండాయని బంధువులు అంటున్నారు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు అడిగితే "ఇంకా టైముంది" అన్న మాట తప్ప మరేమీ చెప్పలేదు. ఈ లెక్క ఎలా కడతారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: విశ్రాంత జైలు ఉద్యోగి

శిక్షల లెక్కలు చూసే సెక్షనులోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక చెబుతున్నాను. యావజ్జీవమంటే పద్నాలుగేళ్లని గానీ ఇరవై ఏళ్లని గానీ చట్టంలో ఎక్కడా లేదు. అది బ్రతికున్నంత కాలం అనుభవించవలసిన శిక్షేనని గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పద్నాలుగేళ్ల మాట పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 433ఏ నుంచి, అంటే ఇప్పటి నాగరిక సురక్షా సంహితలోని 475వ సెక్షను నుంచి వచ్చింది. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినవారిని కనీసం పద్నాలుగేళ్లు జైలులో గడపకుండా వదలరాదని మాత్రమే అది చెబుతుంది. అది దాటవలసిన గడపే గాని విడుదల తేదీ కాదు.

ఆ పద్నాలుగేళ్లూ రెమిషన్, అంటే సత్ప్రవర్తన వంటివాటికి శిక్షలో తగ్గించే రోజులు, కలపని అసలు కాలం. మీ బంధువులు పొరబడుతున్నది ఇక్కడే. ఖైదీ హిస్టరీ టికెట్‌లో జైలులోకి వచ్చిన తేదీ, చేసిన పని, పడిన జైలు శిక్షలు, పెరోల్‌పై వెళ్లిన రోజు, తిరిగి వచ్చిన రోజు అన్నీ ఉంటాయి. దాన్ని ముందు పెట్టుకుని రెమిషన్ లేని లెక్క ఒకటి, కలిపిన లెక్క మరొకటి వేరువేరుగా కడతాము. మీ మేనమామగారి విషయంలో శిక్ష పడిన నాటి నుంచి పద్నాలుగేళ్లు నిండే 2027 ఫిబ్రవరి 10 నుంచి రిమాండు ఐదు నెలలు తీసేస్తే 2026 సెప్టెంబరు 10 వస్తుంది. పెరోల్ కాలం అసలు శిక్షలోకి రాదని రోహన్ ధుంగాట్ కేసులో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ 75 రోజులు కలపాలి. అప్పుడు నవంబరు 24 అవుతుంది. ఫర్లో సంగతి వేరు. అది ఖైదీ సత్ప్రవర్తనను చూసి ఇచ్చే సెలవు వంటిది, సాధారణంగా శిక్షలో భాగంగానే లెక్కిస్తారు.

జవాబు: క్రిమినల్ న్యాయవాది

పైవారి లెక్క సరైనదే. రిమాండు కాలాన్ని మినహాయించుకునే హక్కు యావజ్జీవ ఖైదీలకూ ఉందని 1985లో భగీరథ్ కేసులో తీర్పు వచ్చింది. అయితే ఆ తేదీ వచ్చినంత మాత్రాన గేటు తెరుచుకోదు. జైలు సూపరింటెండెంటు ప్రతిపాదన పంపుతారు, పోలీసులు, ప్రొబేషన్ అధికారి నివేదికలు ఇస్తారు, శిక్ష విధించిన కోర్టు అభిప్రాయం కోరతారు, చివరికి నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. మళ్లీ నేరం చేసే అవకాశం ఉందా, ఇంకా నిర్బంధించడం వల్ల ప్రయోజనమేమిటి, కుటుంబ పరిస్థితి ఎలా ఉంది వంటి అంశాలు చూడాలని లక్ష్మణ్ నస్కర్ కేసులో 2000లో సుప్రీంకోర్టు పేర్కొంది. ముందస్తు విడుదలకు రాష్ట్రం పెట్టుకున్న ఏ పాలసీ వర్తిస్తుందన్నది కూడా ముఖ్యమే. శిక్ష పడిన నాటి పాలసీయే ఆధారమని, తరువాత వచ్చినది ఖైదీకి మేలైనదైతే దానినే చూడాలని 2010లో జగదీశ్ తీర్పు చెబుతోంది. పాలసీ ఉన్న రాష్ట్రంలో అర్హుడైన ఖైదీ దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా దరఖాస్తు ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోండి. నా అనుభవంలో, అడిగేవారు లేని ఫైలు కదలదు.

రాజ్యాంగంలోని 161వ అధికరణ కింద గవర్నరు పద్నాలుగేళ్లకు ముందే క్షమాభిక్ష పెట్టవచ్చు. అయితే అదీ న్యాయ సమీక్షకు అతీతం కాదు. మన ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఏపూరు సుధాకర్ కేసులో అసంగత కారణాలతో ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

జవాబు: మరొక సభ్యుడు

ముందుగా తీర్పు చివరి పేజీ చదవండి. ఇరవై, పాతికేళ్లు రెమిషన్ లేకుండా ఉంచాలని హైకోర్టు, సుప్రీంకోర్టు కొన్ని కేసుల్లో నిర్దేశిస్తాయి. అలా ఉంటే పై లెక్కేదీ వర్తించదు. జరిమానా కట్టారో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. తీర్పులో ఏళ్ల నిర్దేశమేమీ లేదు. కానీ అయిదు వేల జరిమానా, కట్టకపోతే మరో ఆరు నెలల సాధారణ జైలు అని ఉంది. కట్టిన రసీదు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. వచ్చే ములాఖత్‌లో ముందు ఆ సంగతే అడుగుతాను.