ఆటల పీరియడ్‌లో కెప్టెన్‌ని మార్చాలా, ఏడాదంతా ఒకరినే ఉంచాలా?

బడిగంట:
ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కలిసి పనిచేయడం, ముందుండి నడిపించడం ఆటలతో నేర్పాలంటే కెప్టెన్ సంగతి ముందు తేలాలి. బాగా ఆడేవాళ్లే ఏడాది పొడవునా కెప్టెన్‌గా ఉండాలని కొందరంటారు, వారానికొకరు మారాలని కొందరు. తరగతికి 40 మంది, వారానికి ఒక్కటే 45 నిమిషాల పీరియడ్. ఈ లెక్కలో ఏది కుదురుతుందో వివరంగా చెప్పండి.

ఎనిమిదో గడి:
మార్చొద్దు. నాయకత్వమంతా కెప్టెన్ దగ్గరే ఉంటుందనుకోవడం వల్లే ఈ తగవు. ఖోఖోనే తీసుకోండి. ఎనిమిది మంది ఒకరు విడిచి ఒకరు ఎదురు దిక్కులకు ముఖం పెట్టి కూర్చుంటారు, తరిమేది (చేజర్) ఒక్కరే. ఆ ఒక్కరు మధ్య గీత దాటకూడదు. ఒక దిక్కు పట్టాక చివరనున్న స్తంభం (పోల్) దాకా పోతే తప్ప వెనక్కి తిరగకూడదు. రన్నర్ గీత దాటి అటు పోయిందా, అటువైపు చూస్తూ కూర్చున్నవాళ్లకు ఖో ఇవ్వాల్సిందే, అంటే వెనకనుంచి తట్టి తరిమే పని అప్పగించాల్సిందే. ఎంత వేగమున్నా ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. ఇంకో రెండడుగులు వేస్తే నేనే అందుకుంటానని, ఖో ఇవ్వాల్సిన మనిషిని దాటేస్తారు. తప్పు తెలిసి వెనక్కి తిరిగితే ఫౌల్. ఈలోగా రన్నర్ రెండు గడులు అవతల ఉంటుంది. రన్నర్లు ముగ్గురేసి చొప్పున దిగుతారు. మూడో రన్నర్‌ను ఔట్ చేసిన చేజర్ కొత్తగా వచ్చిన ముగ్గురి వెంట తానే పడకూడదు, ఖో ఇచ్చి కూర్చోవాలి. పని ఎప్పుడు వేరేవాళ్ల చేతిలో పెట్టాలో ఇంత కచ్చితంగా నేర్పే ఆట ఇంకొకటి నాకు కనబడదు. అందుకే 9 నిమిషాల టర్న్‌లో, అంటే ఒక జట్టు తరిమే వంతులో, ఎన్ని ఔట్లు అని కాదు, ఎన్ని ఖోలు ఇచ్చారని రాయించండి.

ఈనెపుల్ల:
ఎనిమిదో గడి గారూ, ఆట గురించి మీరన్నది నిజమే. కానీ ఏడాదంతా ఒకరే కెప్టెన్ అయితే తక్కిన పిల్లలు నిర్ణయం తీసుకునేదెప్పుడు? మైదానం లేని రోజున గోపురం ఆట పెట్టి చూడండి. డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించగా, టామ్ వూజెక్ 2010 ప్రసంగంతో అందరికీ తెలిసిన ఆట ఇది. అసలుదానిలో 20 స్పగెటీ పుల్లలు (సేమ్యాలాంటివే, పొడుగ్గా ఉంటాయి), గజం టేపు, గజం దారం, పైన పెట్టడానికి ఒక మార్ష్‌మాలో (మెత్తటి మిఠాయి). నలుగురు కలిసి 18 నిమిషాల్లో వీలైనంత ఎత్తు గోపురం కట్టాలి. మనకు కొబ్బరి ఈనెలు, చిన్న ఉల్లిపాయ చాలు.

తొమ్మిదో నిమిషంలో విజిల్ వేసి నాయకుణ్ణి మార్చాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటిదాకా ఏం కట్టారో ఒక్క మాటలో చెప్పాకే పుల్ల ముట్టాలి. ఈ షరతు పెట్టకపోతే ఉన్నదంతా పీకి మొదటికి తెస్తారు. ఇంకో తప్పు, ఉల్లిపాయను చివరి నిమిషానికి అట్టే పెట్టడం. ఈనె మొదట్లో మందం, కొసన సన్నం. సన్నపు కొసలన్నీ పైకి పెట్టి కడితే బరువు పడగానే వంగి కూలుతుంది. రెండేసి ఈనెల్ని ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా జోడిస్తే నిలుస్తుంది. ఈ కిటుకు మాత్రం ముందే చెప్పకండి. మూడో నిమిషంలోనే ఉల్లిపాయ పెట్టి చూసిన జట్టు తనంతట తానే కనిపెడుతుంది.

తాడుకొస:
పేరు మార్చినంత మాత్రాన ఏమీ మారదు. చీటీలో ఎవరి పేరున్నా నడిపేది గొంతున్న ఇద్దరే. ముందు ఆ గొంతు తగ్గించాలి. ఎనిమిది మందికి 12 మీటర్ల నూలు తాడు రెండు కొసలూ ముడివేసి ఇవ్వండి, చున్నీలతో కళ్లకు గంతలు కట్టండి. 15 నిమిషాల్లో తాడుతో చతురస్రం చేయాలి, అంతే.

మొదటి మూడు నిమిషాలు అందరూ ఒకేసారి అరుస్తారు. తాడును సగానికి, మళ్లీ సగానికి మడిచి, మడత పడ్డచోట్ల నలుగురు పట్టుకుంటే సరిపోతుంది. ఈ మాట ఎవరో మెల్లగా ఒక్కసారి అంటారు, అది ఎవరి చెవికీ ఎక్కదు. ఐదో నిమిషంలో ఎక్కువగా మాట్లాడుతున్న ఇద్దరి భుజం తట్టండి. అప్పట్నుంచి వాళ్లు నోరు విప్పకూడదు. అదే చిన్న గొంతు రెండోసారి అన్నప్పుడు చుట్టూ అందరూ ఆగి వింటారు. చూడాల్సిన ఘడియ అది. నేలమీద రాళ్లు, ముళ్లు ముందే ఏరించండి, పరుగెత్తనివ్వొద్దు. గంతలంటే భయపడే పిల్లలకు కాపలా పని ఇవ్వండి.

విజిల్:
వంతులు కాగితం మీద రాయకపోతే స్కోరు రాయడం, నీళ్లు తేవడం ఆడపిల్లల మీదే పడుతుంది. హాజరు పట్టీ వరసలో వంతులు వేయండి, బేరం ఉండదు. ఇక 45 నిమిషాలూ ఆడించేస్తే మిగిలేది చెమటే. 20 నిమిషాలు ఆట, 10 నిమిషాలు మాట, 15 నిమిషాలు మళ్లీ అదే ఆట. మాట్లాడేటప్పుడు మూడే ప్రశ్నలు: ఏం జరిగింది? ఎందుకలా జరిగింది? ఈసారి ఏం మారుద్దాం? జవాబు మనమే చెప్పేస్తే పిల్లలు తలూపుతారు, ఆట మాత్రం మారదు. మళ్లీ ఆడే 15 నిమిషాలను ఎట్టిపరిస్థితుల్లోనూ వదలొద్దు.

బడిగంట:
ఖోఖోలో 18 మంది ఆడుతుంటే తక్కిన 22 మంది ఏం చేయాలి?

విజిల్:
ఒక్కొక్కరికి ఒక్కో ఆటగాణ్ణి అప్పగించండి. వాళ్లు ఇచ్చిన ఖోలు, ఇవ్వాల్సినచోట ఇవ్వకుండా దాటేసినవి రెండు వేర్వేరు వరసల్లో రాయాలి. మాటల సమయంలో ముందు మాట్లాడాల్సింది వీళ్లే.

ఎనిమిదో గడి:
తాడుకొస గారి మాటకు ఒప్పుకుంటున్నాను, గొంతు సంగతి నేను పట్టించుకోలేదు. పీరియడ్‌లో వంతులు పెట్టండి. పోటీకి వెళ్లే జట్టుకు మాత్రం ఒకే కెప్టెన్ ఉండాలి. పీరియడ్‌లోనైనా 9 నిమిషాల టర్న్ మధ్యలో మార్చకండి. రన్నర్లను ఏ ముగ్గురి తర్వాత ఏ ముగ్గురిని దింపాలో కెప్టెన్ ముందే వరస వేసుకుని ఉంటారు. మధ్యలో మారిస్తే ఆ వరస తప్పయిందో ఒప్పయిందో ఇద్దరిలో ఎవరికీ తెలియకుండా పోతుంది.