పసుపు గుంటగలగర, డివైడర్ మీది పసుపు పువ్వు ఒకటేనా?

రాజాం కోడలు:
తలనూనె కాచడానికి గుంటగలగర కావాలని మా వీధిలో ఒకరిని అడిగితే సంచి నిండా పసుపు పూల తీగ తెచ్చిచ్చారు. తెల్లపూల దానికంటే ఇదే మేలురకమట, తమిళనాడులో కూరకీ నూనెకీ ఇదే వాడతారట. తీరా చూస్తే విజయనగరంలో రోడ్డు మధ్య డివైడర్లలో పాకి ఉండే మొక్కలాగే ఉంది. మా అత్తగారేమో "ఇది గుంటగలగరేటి, పొయ్యెక్కించకు" అంటున్నారు. ఫోన్లో యాప్ పెడితే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెబుతోంది. ఎవరి మాట నమ్మాలి?

చీపురుపల్లి నర్సరీ:
అమ్మా, రెండూ ఒకటే, టెన్షన్ పడకండి. దీన్ని మేం వెడేలియా అని అమ్ముతాం. పుస్తకాల్లో పసుపు గుంటగలగరకి రాసేదీ వెడేలియా అనే. రెండు పూలూ పక్కపక్కన పెట్టి తేడా చూపించినవాడు నాకింతవరకు తగల్లేదు. నీడలో ఆకు ఒకలా వస్తుంది, ఎండలో ఒకలా వస్తుంది. దాన్ని పట్టుకుని వేరే జాతి అనేస్తారు కొందరు.

నాగావళి ఒడ్డు:
నర్సరీ అన్నగారూ, పూల దగ్గర తేడా తెలియదన్న మాట వరకు మీతో ఒప్పుకుంటాను. రెండిటికీ పసుపు రేకులే, రేకు కొసన నొక్కులే. కణుపు నేలకి తగిలితే చాలు వేరు దింపుకుని పాకడం రెండిటికీ అలవాటే. పువ్వొక్కటే ఫోటో తీసి పెడితే యాప్ తికమక పడదా మరి?

చూడాల్సింది ఆకు. వరి గట్ల మీద పెరిగే పసుపు గుంటగలగర ఆకు సన్నగా, కోలగా ఉంటుంది. అంచు దాదాపు నున్నన, మహా అయితే అక్కడక్కడ ఓ పన్ను. డివైడర్ మొక్క ఆకు వెడల్పు, దళసరి, పైన మెరుపు. నడిమి నుంచి అటొకటి ఇటొకటి తమ్మె పొడుచుకొచ్చి ఆకుకి మూడు కొనలు కనిపిస్తాయి.

ఇక పేరు సంగతి. రెండూ ఒకప్పుడు వెడేలియాలోనే ఉండేవి. 1996లో రెండిటినీ స్ఫాగ్నెటికోలా అనే ప్రజాతిలోకి, అంటే దగ్గరి జాతుల గుంపులోకి, మార్చారు. గట్టు మీదిది కాలెండ్యులేసియా, డివైడర్‌ది ట్రైలోబాటా. ప్రజాతి ఒకటైతే మొక్క ఒకటైపోతుందా? వంకాయా సొలానమే, బంగాళదుంపా సొలానమే. ఒకటి అడిగితే ఇంకోటి తూచిస్తే ఊరుకుంటామా? పైగా మొదటిది మన ఆసియాది, రెండోది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి అందం కోసం తెచ్చిపెట్టుకున్నది.

చీపురుపల్లి నర్సరీ:
పుస్తకం చదివి చెప్పడం వేరు, కుండీలో పెంచి చూడడం వేరు. డివైడర్ మొక్కకీ లేత ఆకులు కొన్ని తమ్మెలు లేకుండానే వస్తాయి, మా నర్సరీకి వస్తే చూపిస్తాను. అలాంటి ఆకు తెంపి మీ చేతిలో పెడితే ఏ జాతి అంటారు?

నాగావళి ఒడ్డు:
ఒక్క ఆకు పెడితే ఏమీ అనను. జానెడు తీగ తెమ్మంటాను, ముదురు ఆకుల నుంచి కొన దాకా. ట్రైలోబాటా అయితే అంత తీగలో ఎక్కడో ఒకచోట తమ్మెల ఆకు బయటపడకుండా ఉండదు. తీగంతా సన్నాకులే అయితే గట్టుది. మీరు చెప్పింది మంచి పాయింటే, కానీ దానివల్ల జాగ్రత్తగా చూడాలని తేలుతుంది, రెండూ ఒకటని తేలదు.

టెక్కలి సైన్సు టీచరు:
రాజాం అమ్మా, మీ అత్తగారి మాటలో న్యాయం ఉంది. ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రామాణిక గ్రంథంలో, భృంగరాజం అంటే తెల్లపూల గుంటగలగరే, దాని శాస్త్రీయ నామం ఎక్లిప్టా. పసుపుది దాని తర్వాతే. తమిళనాడు సంగతీ నిజమే, కానీ వాళ్ళు వాడేది గట్టు మీది సన్నాకు రకం, డివైడర్‌ది కాదు. వెడెలోలాక్టోన్ అనే పదార్థం ఎక్లిప్టాలోనూ సన్నాకు రకంలోనూ ఉంది కాబట్టి పసుపుది మేలురకం అన్నవాళ్ళు మరీ గాల్లోంచి అనలేదు.

అయితే తెల్లపూలలోనూ పొరపాటు జరుగుతుంది. మా పిల్లల్ని గుంటగలగర తెమ్మంటే సగం మంది గడ్డిచామంతి తెస్తారు, వాళ్ళు పలక తుడుచుకునే పలకాకు అదే. గడ్డిచామంతి పువ్వు జానెడు బోసికాడ చివర ఒంటరిగా నిలబడుతుంది. చుట్టూ నాలుగైదు వెడల్పు రేకులు, ఒక్కోదాని కొసన మూడు నొక్కులు, మధ్య పసుపు. గుంటగలగర పువ్వు ఆకు మొదట్లో పొట్టికాడ మీద ఉంటుంది, రేకులు తెల్లదారపు ముక్కల్లా సన్నం, లెక్కకు అందవు.

ఇంకా అనుమానం ఉంటే ముదిరిన తల ఒకటి అరచేతిలో నలపండి. ఈ మొక్కలన్నీ చేరే చామంతి కుటుంబంలో మనం రేకు అనుకునేది నిజానికి ఒక్కో పువ్వు, దాని అడుగున ఒక్కో గింజ. గడ్డిచామంతి గింజకి ఈకల కుచ్చు ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. గుంటగలగర గింజకి కుచ్చు ఉండదు, ఊదినా చేతిలోనే ఉంటుంది. దాని ఆకు నలిపితే పసరు కాసేపటికి నల్లబడుతుంది. ఆ పసరులో గుడ్డ తడిపి ఆరబెట్టి, ఆముదం దీపంలో వెలిగించి కాటుక పట్టేవారు మనవాళ్ళు.

చీపురుపల్లి నర్సరీ:
సరే మాస్టారూ, తెల్లదే అసలుదనుకుందాం. తలకి రాసుకునే నూనెకి ఇంత పరిశోధన అవసరమా? డివైడర్ మొక్క విషమేం కాదు కదా.

నాగావళి ఒడ్డు:
విషమని నేనెక్కడా అనలేదు. రోడ్డు పొగా దుమ్మూ పట్టిన ఆకుని నూనెలో కాచి తలకి రాసుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. నా గొడవ దాంతో ఆగదు కూడా. డివైడర్లలో కత్తిరించిన తీగని బండికెత్తి గెడ్డ ఒడ్డున పోసేస్తారు. ఈ మొక్కకి గింజతో పెద్ద పనిలేదు, కణుపున్న ముక్క తడి నేలకి తగిలితే చాలు. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో దీని పేరుంది. మా ఊరి గెడ్డ పక్కన సన్నాకుది ఉండే జాగాలో ఇప్పుడు మూడు కొనల ఆకే పరుచుకుంది. రెండూ ఒకటేనంటూ కూర్చుంటే ఆ మార్పు కంటికి కూడా ఆనదు. పువ్వులు అవే, పసుపు అదే.

చీపురుపల్లి నర్సరీ:
ఆ తప్పు మొక్కది కాదు, పారబోసినవాడిది. నేను అమ్మడం మానను. కావాలంటే కొన్నవాళ్ళకి కత్తిరింపులు ఎండబెట్టి కాల్చేయమని చెబుతాను.

నాగావళి ఒడ్డు:
అది చెబితే సగం గొడవ తీరినట్టే. మిగతా సగం, దాన్ని పసుపు గుంటగలగర అని చెప్పి అమ్మకండి.

రాజాం కోడలు:
సంచిలో తీగ మొత్తం విప్పి చూశాం. కింది ఆకులన్నిటికీ తమ్మెలున్నాయి, డివైడర్‌దే. అత్తగారి మొహం చూడాలి మీరు! తీగని డాబా మీద ఎండబెట్టాం, కాలువలో పడెయ్యలేదు. ఇంతకీ తెల్లపూలది ఎక్కడ దొరుకుతుందండీ?

టెక్కలి సైన్సు టీచరు:
వరి కోసిన మడుల్లో ఇంకా చెమ్మ ఉన్న చోట, బోరు నీళ్ళు పారే బోదె పక్కన చూడండమ్మా. మందు కొట్టని మడేనా అని రైతుని అడిగి మరీ కోసుకోండి.