6.5 క్రీడ్‌మూర్‌తో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి సొంతంగా తూటాలు లోడ్ చేసుకుంటున్నాను, ఏ బుల్లెట్ వాడమంటారు?

పెన్నాఒడ్డు (ఫోర్ట్ కాలిన్స్, కొలరాడో):

అందరికీ నమస్కారం. నా రైఫిల్ 6.5 క్రీడ్‌మూర్ (అది వాడే తూటా రకం), 24 అంగుళాల బ్యారెల్, ట్విస్ట్ 1:8 (బ్యారెల్ లోపలి గాడులు 8 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి). రెండేళ్లుగా తూటాలు ఇంట్లోనే లోడ్ చేసుకుంటున్నాను, అంటే కేసులో (ఇత్తడి తొడుగులో) ప్రైమర్ (మందుని అంటించే బిళ్ల), పౌడర్, బుల్లెట్ నేనే పెట్టుకుంటాను. ఇప్పటిదాకా కాగితం మీదా ఇనప పలకల మీదా కాల్చడమే తప్ప వేటకి పోలేదు. ఈ అక్టోబర్‌కి ఆడ ఎల్క్ ట్యాగ్ (వేట పర్మిట్) వచ్చింది. 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్‌తో (గురి పోటీలకి చేసింది) 100 గజాల్లో మూడు షాట్లు అర అంగుళంలో పడుతున్నాయి. దాన్నే తీసుకెళ్లొచ్చా? లేదంటే వేట బుల్లెట్లు 143 ఈఎల్‌డీ-ఎక్స్, 140 అక్యూబాండ్, 127 ఎల్‌ఆర్‌ఎక్స్ (ముందున్న అంకె గ్రెయిన్లలో బరువు) ఒక్కో డబ్బా కొని పెట్టుకున్నాను. అవసరమైతే 500 గజాల దాకా కాల్చాలనుంది. జంతువుని గాయపరిచి పోగొట్టుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోదారోడు (బోజ్‌మన్, మోంటానా):

తమ్ముడూ, ముందు ఆ మ్యాచ్ బుల్లెట్‌ని పక్కన పెట్టు. ఎందుకో నా సంగతి చెబుతాను.

నా మూడో సీజన్‌లో నీలాగే గ్రూపు (షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) చూసి మురిసిపోయి మ్యాచ్ బుల్లెట్లతోనే మ్యూల్ డీర్ (ఒక రకం జింక) వేటకి వెళ్లాను. దూరం కాల్చాల్సి వస్తుందని వారమంతా 400 గజాలకి లెక్కలు వేసుకున్నాను. తీరా చూస్తే వాగు పక్క పొదల్లోంచి 70 గజాల్లో లేచింది. భుజం మీద తగిలింది. ఆ వేగానికి బుల్లెట్ ఎముక దగ్గరే తునకలైపోయింది, ఊపిరితిత్తుల దాకా పోలేదు. మంచులో నాలుగు గంటలు నెత్తుటి చుక్కలు పట్టుకుని నడిచాను. చీకటి పడే ముందు దొరికింది, రెండో తూటాతో ముగించాను. ఆ నాలుగు గంటలూ అది పడ్డ బాధ నా వల్లే. పన్నెండేళ్లయినా నాకు గుర్తే.

మన ఊళ్లో బుల్లెట్ అంటే మొత్తం తూటానే. లోడ్ చేసేవాడికి బుల్లెట్ అంటే ముందున్న ఆ ముక్క ఒక్కటే, మిగతావన్నీ దాన్ని జంతువు దాకా చేర్చేవి. అందుకే ఎంచుకునేటప్పుడు జంతువు దగ్గర్నుంచి వెనక్కి రా. తగిలేటప్పుడు దాని వేగం ఎంత? అతి దగ్గర్లో ఎంత, అతి దూరంలో ఎంత? ఈ రెండు చివరలా పని చేసేదే నీ బుల్లెట్.

143 ఈఎల్‌డీ-ఎక్స్ సెకనుకి 2700 అడుగులతో బయల్దేరితే 500 గజాల దగ్గర సుమారు 2000 ఉంటుంది. కొలరాడో కొండల్లో గాలి పలచన కాబట్టి ఇంకాస్త ఎక్కువే మిగులుతుంది. అది 1600 దగ్గర కూడా విచ్చుకుంటుంది (తగలగానే ముందు భాగం పువ్వులా తెరుచుకుని పెద్ద గాయం చేస్తుంది), అంటే దూరం వైపు దిగుల్లేదు. దగ్గర్లో భుజం ఎముకకి తగిలితే మాత్రం మిగతా రెండింటి కంటే ఎక్కువ చెదురుతుంది. అక్యూబాండ్‌లో సీసం రాగి తొడుక్కి అతుక్కుని ఉంటుంది, విచ్చుకోవడానికి కనీసం 1800 కావాలి, బరువు బాగా నిలుపుకుంటుంది. ఎల్‌ఆర్‌ఎక్స్ పూర్తిగా రాగి, ఎముకని దాటుకుని పోతుంది. కాకపోతే రాగి బుల్లెట్లకి వేగం కావాలి, దూరం పెరిగేకొద్దీ అవి సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. ఎల్క్ పెద్ద జంతువు, ఎముక గట్టిది. నేనైతే అక్యూబాండ్‌తో మొదలుపెడతాను.

మీ రాష్ట్రంలో ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. నువ్వు కొన్న మూడూ అందులోకి వస్తాయి.

500 గజాల మాట. గంటకి 10 మైళ్ల అడ్డగాలికి అక్కడ బుల్లెట్ అడుగు పైనే పక్కకి పోతుంది. గాలిని 5 మైళ్లు తప్పుగా అంచనా వేశావనుకో, గుండె మీద పెట్టింది పొట్టలో తగులుతుంది. దీన్ని ఏ బుల్లెట్టూ సరిచేయలేదు. బెంచీ మీద నుంచి కాదు, కూర్చుని, బ్యాగు మీద పెట్టి, కాస్త ఆయాసపడ్డాక కాల్చి చూడు. పదికి పది 10 అంగుళాల పలకకి తగిలిన దూరమే నీ దూరం.

పాలమూరుబిడ్డ (డెన్వర్):

గోదారోడు అన్నా చెప్పింది నిజం. నేను లోడింగ్ బల్ల దగ్గరి సంగతులు చెప్తా.

బుల్లెట్ మారిస్తే పాత పౌడర్ లెక్క పెట్టకండి. బరువు ఒక్కటే అయినా లోపల తీరు వేరు. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, కేసులో ఎక్కువ చోటు తింటుంది, ప్రెషర్ పెరుగుతుంది. ఆ బుల్లెట్‌కే ఇచ్చిన మాన్యువల్ చూసి కింది లెక్క నుంచి మొదలుపెట్టండి. ప్రైమర్ చదునైపోతున్నా, బోల్ట్ బిగుసుకుంటున్నా ఆపేయండి.

సీటింగ్ డెప్త్‌లో (బుల్లెట్‌ని కేసులో ఎంత లోపలికి దించాలన్నది) రాగికీ మిగతావాటికీ తేడా ఉంది. రాగి బుల్లెట్‌కి బ్యారెల్ గాడుల దాకా కొంచెం ఎడం ఇష్టం, నేను 0.050 అంగుళంతో మొదలుపెడతా. మ్యాగజైన్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోండి. మంచులో ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకునే పని కాదది.

ఇంకోటి, మూడు షాట్ల గ్రూపుని నమ్మకండి. పది కాల్చండి. నా రైఫిల్‌లో అర అంగుళం అనుకున్న లోడ్ పది షాట్లకి అంగుళంపావు అయింది. వేటకి అది చాలు, కానీ నిజం తెలిసి ఉండాలి. చల్లని బ్యారెల్ మొదటి షాట్ ఎక్కడ పడుతుందో విడిగా రాసుకోండి, ఎల్క్ మీద కాల్చేది అదే.

నేను మటుకు రాగే వాడతా. మా పాపకి ఏడేళ్లు. ఎల్క్ ఖైమా వండుతాం, సీసం తునకలు కంటికి కనపడవు, ఎక్స్‌రే తీస్తేనే కనపడతాయి. రాగికి వేగం తగ్గకూడదని నా హద్దు 350 గజాలు పెట్టుకున్నా. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం కూడా.

కొత్తసభ్యుడు_టెక్సాస్:

నేను హెచ్-1బి మీద ఉన్నాను, నేనూ లోడింగ్ మొదలుపెట్టొచ్చా అండీ?

గోదారోడు:

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ప్రెస్ (తూటాలు లోడ్ చేసే యంత్రం) కొనకముందే లాయర్‌ని అడగండి. ఇండియా నుంచి చదువుతున్నవాళ్లకి: అక్కడ 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వేట నేరం.

పెన్నాఒడ్డు:

అన్నా, అక్కా, ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు వారాలు లోడింగ్ బల్ల దగ్గర కూర్చున్నాను. నా రైఫిల్‌కి అక్యూబాండ్ పది షాట్లు అంగుళం లోపే పెడుతోంది. ఎల్‌ఆర్‌ఎక్స్ మొదట రెండు అంగుళాలు పోయింది, ఎడం పెంచాక అంగుళంపావుకి వచ్చింది. ఈఎల్‌డీ-ఎక్స్ అన్నిటికంటే బిగువుగా ఉంది, కానీ 70 గజాల సంగతి చదివాక చెయ్యి రావట్లేదు. అక్యూబాండే తీసుకెళ్తున్నాను.

కొండెక్కి, కూర్చుని కాల్చాను. 300 గజాల్లో పదికి పది. 400లో ఆరు. కాబట్టి 300. నిన్న స్టాక్ (రైఫిల్ మడమ భాగం) మీద టేపు అంటించి ఆ అంకె రాసుకున్నాను. ఇంకా నలభై తూటాలు లోడ్ చేయాలి, ఇరవై సాధనకి, ఇరవై కొండకి.