అప్‌డేట్: మీరు చెప్పిన ఫ్రెంచ్ సినిమాలు చూశాను

యుద్ధకాలంలో నడిచే ప్రేమకథ, కాస్త మిస్టరీ కూడా ఉన్న ఫ్రెంచ్ సినిమా చెప్పమని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన రెండూ చూసేశాను.

ముందు ‘ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్’ (2004). మొదటి ప్రపంచయుద్ధంలో, కావాలని గాయం చేసుకున్నారన్న నేరం మీద ఐదుగురు ఫ్రెంచ్ సైనికులకు మరణశిక్ష వేసి, రెండు సైన్యాల కందకాల మధ్య ఖాళీ నేలలోకి తోసేస్తారు. వాళ్లలో ఒకడు మతిల్డ్‌కి కాబోయే భర్త. అతను పోయాడంటే ఆమె ఒప్పుకోదు. పోలియో కాలితోనే తిరుగుతూ, డిటెక్టివ్‌ని పెట్టుకుని మరీ ఆరా తీస్తుంది. అంతకుముందు అతన్ని యుద్ధానికి తీసుకెళ్తున్న కారు కన్నా ముందు మలుపు దగ్గరికి చేరితే బతికొస్తాడని తనలో తాను అనుకుని, కుంటుతూ పరుగెత్తే సీన్ ఉంది చూడండి, నాకు ఒకటే టెన్షన్! పేర్లు మాత్రం బోలెడు. ఫోన్ పక్కన పెట్టి చూడాల్సిందే.

త్రూఫో తీసిన ‘ది లాస్ట్ మెట్రో’ (1980) కాస్త నెమ్మది. నాజీల చేతిలో ఉన్న పారిస్‌లో యూదు నాటక దర్శకుడు తన థియేటర్ నేలమాళిగలోనే దాక్కుని, పైన జరిగే రిహార్సల్స్ చెవి ఒగ్గి వింటూ, భార్య ద్వారా సూచనలు పంపుతుంటాడు. కాథరిన్ దెనవ్ భలే చేసింది. మిస్టరీ పెద్దగా లేదు, నాకైతే లోటనిపించలేదు.

‘ఆర్మీ ఆఫ్ షాడోస్’ మిగిలింది. అందులో ప్రేమకథ ఆశించొద్దన్నారుగా, ఆదివారం చూస్తాను.