అనాస మొక్కకు కాండం ఎందుకు కనబడదు?

ప్రశ్న (దేవరకొండ): పండు మీది పిలకను నాటితే కత్తుల్లాంటి ఆకులే చుట్టూ విచ్చుకుంటున్నాయి కానీ, కాండం పైకి రావడం లేదు. ఇది సహజమేనా? కాయ ఎప్పుడు వస్తుంది?

జవాబు 1: సహజమే. పొట్టి కాండాన్ని ఆకుల మొదళ్లు కప్పేస్తాయి. మొక్క మొత్తం మీటరు ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పూతకు వచ్చేటప్పుడు నడిమి ఆకులు ఎర్రబారి, వాటి మధ్య నుంచి కంకి లేస్తుంది. దాని మీద ఊదారంగు పూలు కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి, నూరు నుంచి రెండు నూర్ల దాకా ఉండే ఆ పూల కాయలన్నీ కలిసిపోయి ఒకే పండవుతుంది. అందుకే తొక్క మీద ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పువ్వు గుర్తు! పండు మీది పిలకతో పెంచితే సాధారణంగా రెండేళ్లు దాటుతుంది. మొక్క మొదట్లో వచ్చే పిలకలైతే ఏడాదిన్నరకే కాస్తాయి.

జవాబు 2 (మహబూబ్‌నగర్): మన ఎర్ర చెలకలో నీరు నిలవదు కనుక వేరుకుళ్లు భయం తక్కువే. అయితే ఈ మొక్క ఆమ్ల నేలను కోరుతుంది కాబట్టి సున్నపు నేలల్లో ఆకులు పాలిపోతాయి; ముందు భూసార పరీక్ష చేయించండి. ఎండాకాలంలో పడమటి ఎండ నుంచి నీడ తప్పనిసరి.

జవాబు 3: ఒక మొక్క ఒక్కసారే కాస్తుంది. కోత తరువాత మొదట్లోని పిలకల్లో బలమైనదాన్ని ఉంచి, మిగతావి వేరుచేసి నాటుకోండి.