గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చిన 28 ఏళ్ల చెల్లెలికి పిల్లలు కనే అవకాశాన్ని కాపాడగలమా?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలి వయసు 28 సంవత్సరాలు. పెళ్లయి రెండేళ్లు దాటింది, పిల్లలు ఇంకా లేరు. నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం కనిపిస్తోందని పరీక్ష చేయించగా గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ ఉన్నట్టు బయాప్సీలో తేలింది. కణితి 1.6 సెంటీమీటర్లు ఉందనీ, చుట్టుపక్కల భాగాలకు పాకిన ఆనవాళ్లు లేవనీ ఎం.ఆర్.ఐ. రిపోర్టులో రాశారు. దశ 1బి1 అన్నారు. గర్భసంచి మొత్తం తీసివేయాలని చెప్పి ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. పిల్లల సంగతి అడగబోతే, ముందు ప్రాణం సంగతి చూసుకోండి అన్నారు. ప్రాణమే ముఖ్యమన్న మాటను మేమెవరమూ కాదనడం లేదు. అయితే ఆ రోజు నుంచి మా చెల్లెలు తన జబ్బు గురించి ఒక్క మాటా అడగడం లేదు, పిల్లలు పుట్టరనే ఏడుస్తోంది. భర్త ఆమెకు అండగానే ఉన్నాడు గానీ, అత్తవారింటి పెద్దల మాటలు మరో రకంగా ఉన్నాయి.

గర్భసంచిని ఉంచి క్యాన్సర్‌ను మాత్రమే తీసివేసే మార్గం ఈ దశలో ఉందా? ఒకవేళ రేడియేషన్ ఇవ్వవలసి వస్తే అండాలను ముందే భద్రపరచుకోవచ్చా? మరో డాక్టరు గారి అభిప్రాయం కోసం ఆపరేషన్‌ను కొన్నాళ్లు వాయిదా వేస్తే జబ్బు ముదురుతుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1 (స్త్రీల క్యాన్సర్ శస్త్రవైద్యురాలు, హైదరాబాదు)

అమ్మా, ఈ ప్రశ్న ఆపరేషన్‌కు ముందే అడిగి మంచి పని చేశారు. చికిత్స మొదలైన తర్వాత వచ్చి అడిగేవారికి చెప్పడానికి మా దగ్గర చాలాసార్లు ఏమీ మిగిలి ఉండదు.

2018లో ఫిగో (స్త్రీల వైద్య నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య) సవరించిన దశల ప్రకారం 1బి1 అంటే ముఖద్వారానికే పరిమితమై, రెండు సెంటీమీటర్ల లోపు ఉన్న కణితి. పిల్లలు కావాలనుకునే యువతులకు ఈ దశలో రాడికల్ ట్రాకెలెక్టమీ అనే ఆపరేషన్ ఉంది. ముఖద్వారాన్నీ, దానిని ఆనుకుని ఉన్న కణజాలాన్నీ, యోని పైభాగంలో కొద్ది మేరనూ తీసివేసి, గర్భసంచిని అలాగే ఉంచి యోనికి కలిపి కుడతారు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో డానియెల్ దార్జాన్ అనే శస్త్రవైద్యుడు 1987లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు అనేక దేశాల వైద్య మార్గదర్శకాలలో ఉంది. తగిన రోగిని ఎంచుకుని చేసినప్పుడు, రెండు సెంటీమీటర్ల లోపు కణితులలో జబ్బు తిరగబెట్టే ముప్పు గర్భసంచి మొత్తం తీసినవారిలో ఉన్నంతే ఇంచుమించుగా ఉంటుంది. కణితి కంటికి కనిపించనంత చిన్నదై 1ఎ1 దశలో ఉంటే కొన్నిసార్లు కోన్ బయాప్సీతోనే, అంటే ముఖద్వారంలో శంకువు ఆకారపు ముక్కను మాత్రమే కోసి తీయడంతోనే సరిపోతుంది, కానీ మీ చెల్లెలి విషయం ఆ దశ దాటింది.

'తగిన రోగి' అన్న మాట దగ్గరే మీరు నిలబడి ఆలోచించాలి. బయాప్సీలో వచ్చినది పై పొర కణాలలో పుట్టే స్క్వామస్ రకమో, గ్రంథి కణాలలో పుట్టే మామూలు అడినోకార్సినోమానో అయితే ఈ ఆపరేషన్‌ను ఆలోచించవచ్చు. న్యూరోఎండోక్రైన్ రకమైతే ఆలోచించకూడదు, అది చాలా వేగంగా పాకుతుంది. లింఫు గ్రంథులలో జబ్బు ఉండకూడదు, కోసిన పై అంచులో క్యాన్సర్ కణాలు కనిపించకూడదు. ఈ రెండు సంగతులూ ఆపరేషన్ బల్ల మీదనే, ఫ్రోజెన్ సెక్షన్ (తీసిన ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చూసే) పరీక్షలో తేలవచ్చు. గ్రంథులలో జబ్బు కనిపిస్తే మేము ట్రాకెలెక్టమీని ఆపివేసి రేడియేషన్, కీమోథెరపీ వైపు వెళ్లవలసి ఉంటుంది. అందుకే ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలో మీ చెల్లెలు ముందురోజే తన నోటితో తాను చెప్పాలి. ఆమె మత్తులో ఉండగా ఆ నిర్ణయం థియేటరు బయట నిలుచున్న బంధువుల చేతికి పోకూడదు.

ఈ ఆపరేషన్ తర్వాత గర్భం ధరించినవారు చాలామంది ఉన్నారు. అయినా ఇబ్బందులు దాచను. మిగిలిన ద్వారం సన్నబడి కొందరికి సహజంగా గర్భం నిలవదు, ఐ.వి.ఎఫ్. (శరీరం బయట పిండాన్ని తయారు చేసి గర్భసంచిలో పెట్టే చికిత్స) అవసరమవుతుంది. ముఖద్వారం లేకపోవడం వల్ల నాలుగైదు నెలలకే గర్భస్రావం కావడం, నెలలు నిండకముందే కాన్పు కావడం మామూలు కన్నా ఎక్కువ. గర్భసంచి కింది అంచున శాశ్వతంగా కుట్టు వేస్తారు కాబట్టి కాన్పు సిజేరియన్ ద్వారానే జరగాలి.

రేడియేషన్ సంగతి వేరు. అండాలు రేడియేషన్‌కు ఎంత సున్నితమంటే, రెండు గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) లోపు మోతాదుకే అండాశయంలోని అండాలలో సగం నశిస్తాయని లెక్కగట్టారు. ముఖద్వార క్యాన్సర్‌కు కటి భాగమంతటికీ ఇచ్చే మోతాదు సాధారణంగా 45 నుంచి 50 గ్రే. ఆ తర్వాత గర్భసంచి కూడా బిడ్డను మోసే స్థితిలో ఉండదు. అందువల్ల రేడియేషన్ తప్పదనుకున్నప్పుడు అండాశయాలను పైకి, కిరణాలు తగలని చోటికి జరిపి కుట్టే ఆపరేషన్ చేయవచ్చు. అది హార్మోన్లను కాపాడి, ముప్ఫై ఏళ్లకే నెలసరి ఆగిపోయే బాధ తప్పించడానికి ఉపయోగపడుతుంది, అందరిలోనూ ఫలిస్తుందని మాట ఇవ్వలేము. అండాలను లేదా పిండాలను ముందే శీతలీకరించి దాచుకోవచ్చు. నెలసరి వచ్చేవరకు ఆగకుండా ఏ రోజైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చు, మొత్తం సుమారు రెండు వారాలు పడుతుంది. మామూలుగా అండాలను యోని గుండా సూదితో తీస్తారు. మీ చెల్లెలికి కణితి ఆ దారిలోనే ఉంది కాబట్టి రక్తస్రావం భయం ఉంటుంది, పొట్ట గుండా తీయవచ్చేమో ఐ.వి.ఎఫ్. వైద్యులూ క్యాన్సర్ వైద్యులూ కలిసి మాట్లాడుకోవాలి. అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ వేస్తే చాలని ఎవరైనా అంటే నమ్మకండి, రేడియేషన్ నుంచి అది కాపాడలేదు.

రెండో అభిప్రాయం కోసం ఒకటి రెండు వారాలు ఆగడం వల్ల ఈ దశలో సాధారణంగా హాని జరగదు. నెలల తరబడి మాత్రం ఆగవద్దు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖపట్నంలోని హోమీ భాభా ఆసుపత్రి వంటి క్యాన్సర్ ఆసుపత్రులలో ఎక్కడికైనా వెళ్లి, ట్రాకెలెక్టమీ చేసిన అనుభవం ఉన్న శస్త్రవైద్యులు ఉన్నారా అని సూటిగా అడగండి.

జవాబు 2 (విజయవాడ నుంచి)

అక్కా, నాకు 31వ ఏట గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వచ్చింది. నా జబ్బు వేరు కాబట్టి నా చికిత్స మీ చెల్లెలికి పనికిరాదు. ఇది చదివే మరెవరికైనా ఉపయోగపడవచ్చని రాస్తున్నాను. పీసీఓడీ, అధిక బరువు, నెలల తరబడి సక్రమంగా రాని నెలసరి, ఇవన్నీ నాకు ఉన్నాయి. గ్రేడు 1 (నెమ్మదిగా పెరిగే రకం) కావడం, కండరంలోకి దిగలేదని ఎం.ఆర్.ఐ.లో తేలడం వల్ల ప్రొజెస్టరాన్ మాత్రలతో పాటు గర్భసంచిలో హార్మోన్ లూప్ పెట్టి, మూడేసి నెలలకు బయాప్సీ చేస్తూ వచ్చారు. జబ్బు పూర్తిగా పోయిందని రిపోర్టు వచ్చిన వెంటనే, ఆలస్యం చేయకుండా ఐ.వి.ఎఫ్.కు పంపారు. ఈ చికిత్స ఆపరేషన్‌ను వాయిదా వేయడానికేననీ, జబ్బు తిరగబెట్టడం సాధారణమేననీ మా డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. పాప పుట్టాక గర్భసంచి తీయించుకున్నాను. నాతో పాటు చికిత్స తీసుకున్న అందరికీ ఇలా జరగలేదు, మందుకు లొంగక వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారూ ఉన్నారు.

మీ చెల్లెలిని డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లినప్పుడు కొంతసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి. అత్తగారు, అమ్మ, అక్క అందరూ చుట్టూ కూర్చుంటే పిల్లలు కావాలనీ అనలేము, వద్దు, నాకు భయంగా ఉంది, మొత్తం తీసేయండి అనీ అనలేము. ఆ రెండింటిలో ఆమె ఏది అన్నా తప్పు కాదు. పెద్దల మాటలకు సమాధానం చెప్పే పని ఆమె భర్త తీసుకుంటే ఆమెకు సగం బరువు దిగుతుంది.

జవాబు 3 (న్యాయవాది, వరంగల్లు)

గర్భసంచి తీయక తప్పకపోయినా అండాశయాలు మిగిలితే, లేదా పిండాలు దాచి ఉంటే, చట్టం దారి మూసివేయలేదు. సరోగసీ (దంపతుల బిడ్డను మరో స్త్రీ తన గర్భంలో మోసి కనడం) నియంత్రణ చట్టం, 2021 కింద 2022లో వచ్చిన నియమాలలో, స్త్రీల క్యాన్సర్ వంటి కారణాలతో గర్భసంచిని తొలగించిన సందర్భాన్ని పేరు పెట్టి మరీ చేర్చారు. భార్య వయసు 23 నుంచి 50, భర్త వయసు 26 నుంచి 55 సంవత్సరాల మధ్య ఉండాలి. బిడ్డను మోసే స్త్రీ 25 నుంచి 35 ఏళ్ల లోపు వివాహిత అయి, సొంత బిడ్డ ఉన్నదై ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారి మాత్రమే ఇలా చేయవచ్చు. వైద్య ఖర్చులు, బీమా తప్ప ఆమెకు డబ్బు ఇవ్వకూడదు. కాబట్టి దగ్గరివారిలో ఎవరైనా మనస్ఫూర్తిగా ముందుకు వస్తేనే ఇది ఆచరణలో సాధ్యమవుతుంది. పెళ్లికాని యువతులకు సరోగసీ అవకాశం ఈ చట్టంలో లేకపోవడం అన్యాయమని నా అభిప్రాయం, అయితే 21 ఏళ్లు దాటినవారు అండాలను దాచుకోవచ్చు. ఎక్కడ దాచినా ఆ కేంద్రం ఏ.ఆర్.టీ. (ఐ.వి.ఎఫ్. వంటి సంతాన చికిత్సల) చట్టం కింద నమోదై ఉందో లేదో చూసి, ఎన్నేళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా చెల్లెలికి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత తానుగా, 'నా బయాప్సీలో ఏ రకమని రాశారు?' అని అడిగింది. స్క్వామస్ అని ఉంది. ఆపరేషన్ తేదీని వాయిదా వేయించి, వచ్చే వారం హైదరాబాదు బయలుదేరుతున్నాము. రిపోర్టులు ఉంటే సరిపోతుందా అమ్మా?

జవాబు 1 (స్త్రీల క్యాన్సర్ శస్త్రవైద్యురాలు, హైదరాబాదు)

రిపోర్టులు చాలవు. బయాప్సీ చేసిన ల్యాబుకు ఉత్తరం రాసిచ్చి, స్లైడ్లనూ, బయాప్సీ ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకులనూ అడిగి తీసుకోండి, కొత్త ఆసుపత్రిలో వాటిని మళ్లీ చదివి రకాన్ని నిర్ధారించుకుంటారు. ఎం.ఆర్.ఐ. ఫిల్ములతో పాటు సీడీ తెండి, గర్భసంచి లోపలి ద్వారానికి కణితి ఎంత దూరంలో ఉందో దానిలోనే కొలుస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే పిల్లల విషయం కూడా మాట్లాడాలని చెప్పండి. ఐ.వి.ఎఫ్. వైద్యులను అదే రోజు కలిసే ఏర్పాటు చేయడానికి వీలవుతుంది.